పదమూడో పని

ఆ యంత్రానికి ‘ఆది’ అని పేరు పెట్టింది నేను. కనిపెట్టింది డాక్టర్ ప్రసూన, ఆ మాట నేను కాదనను. కానీ ఆవిడ పెట్టిన పేరు పలకాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చే ఆడమనిషి చేతిలో ఏం పట్టుకొస్తుంది? ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు. దాన్నే ఆది అంటాం. కొత్తది దాన్ని చూసే కుట్టాలి. మరి రొమ్ములోనే కొత్తది ఒకటి పెట్టి కుట్టేస్తామంటున్నారే, దానికి ఆది ఏది? అదే ఈ యంత్రం. పేరు నిలిచిపోయింది.

నా పేరు నూకరత్నం. అనకాపల్లి దగ్గర పుట్టాను, విశాఖపట్నంలో జాకెట్లు కుట్టి బతికాను. బడి ఎనిమిదో తరగతితో సరి. మిగతా చదువంతా బట్టల ఫ్యాక్టరీలో నాలుగొందల మంది ఆడవాళ్ళని కూడగట్టి సమ్మె నడిపినప్పుడు చదివిందే. మరుగుదొడ్డికి వెళ్ళడానికి చీటీ తీసుకోవాలన్నారు. మేం కుట్టు మిషన్లు ఆపేశాం. చీటీలు పోయాయి, నా ఉద్యోగమూ పోయింది. ఆ చీటీల కట్ట ఇప్పటికీ నా దగ్గరుంది.

ప్రయోగశాలకి కూడా గొడవ పెట్టుకోవడానికే వెళ్ళాను. రుషికొండ మీద కొత్తగా కట్టిన అద్దాల భవనం. అక్కడ ఊడ్చే ఆడవాళ్ళు పదకొండు మంది, రోజంతా నిలబడే ఉండాలి, కుర్చీ లేదు. గేటు దగ్గర జెండా పాతాను. మధ్యాహ్నానికి మాట్లాడదాం రమ్మని లోపలికి పిలిచారు. అక్కడ బల్ల మీద ఒక ఆడబొమ్మ, దాని గుండెల మీద ఉల్లిపొరలాంటి పలచటి తొడుగు. ముగ్గురు పెద్ద చదువుల వాళ్ళు దాన్ని నాలుగు వైపులా పట్టుకు లాగుతున్నారు. ఎటు లాగినా ముడతే. ఎనిమిది నెలలుగా అదే గోలట.

కుర్చీల సంగతి ఒక్క నిమిషం పక్కన పెట్టి, పలకలాంటి గుడ్డని గుండ్రటిదాని మీద పరిస్తే ముడత పడక ఏం చేస్తుంది, నాలుగు డాట్లు వెయ్యండి, మిగులు గుడ్డని మొనదేలేలా మడిచి కుట్టేయండి అన్నాను. కత్తెర తీసుకుని నేనే కోశాను. తొడుగు బొమ్మ ఒంటికి అంటుకుపోయింది. ఆ ముగ్గురిలో ఒకావిడ, ఆవిడే డాక్టర్ ప్రసూన, నన్ను చూసి, మీరు రేపటినుంచి రాగలరా అంది. కుర్చీలు వస్తే వస్తానన్నాను. సాయంత్రానికి పదకొండు కుర్చీలు వచ్చాయి.

ఆ తొడుగు సంగతి చెప్పాలి. అందులో నలభై వేల గదులున్నాయి, ఆవగింజంత గదులు. పక్కనుండే తెర పలక మీద అంకె జరిపితే అవి ద్రవంతో నిండుతాయి, ఖాళీ అవుతాయి. నూట యాభై సీసీ అంటే అంత, మూడొందలంటే అంత. గుండ్రం కావాలా, నీటిబొట్టులా కిందికి నిండుగా కావాలా? లోపల ఉప్పునీరా, సిలికాన్ జిగురా? అమర్చడం ఛాతీ కండ పైననా, కండ కిందా? దేనికి దాని బరువు, దాని కదలిక. ఇదంతా సగమే. అసలు సంగతి అడుగు పొరలో ఉంది. అది చర్మం కింది నరాలతో గుసగుసలాడుతుంది. అరగంటలో మెదడు దాన్ని సొంత కండ అని నమ్మేస్తుంది. తొడుగు మీద చల్లటి నీళ్ళు చల్లితే ఒళ్ళు జలదరిస్తుంది.

దీనికి ముందు ఏం చేసేవారో తెలుసా? సాక్సులో బియ్యం పోసి లోపల పెట్టుకుని అద్దం ముందు నిలబడమనేవారు. జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు కూడా కొట్టు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో చూసుకుంటాం. పదేళ్ళు ఒంట్లో ఉండేదాన్ని అయిదు నిమిషాల అద్దం మీద తేల్చేసుకోమంటే ఒళ్ళు మండదూ!

తొడుగు వేసుకున్న మనిషి ఊపిరి, నాడి, చెమట, భుజాల వంపు అన్నీ యంత్రం వింటూ ఉంటుంది. ఒళ్ళు ఎంత సుఖంగా ఉందో నూటికి ఇంత అని చెబుతుంది. దాన్ని ‘నెమ్మది’ అనేవాళ్ళం. ఏ కొలత దగ్గర నెమ్మది ఎక్కువో, ఆపరేషనుకి అదే కొలత.

ఒక్కటే షరతు. మూడు రోజులు దాటి వేసుకోకూడదు. ఎందుకో అప్పట్లో డాక్టర్ ప్రసూనని చూస్తే తెలిసేది. మొదట తన ఒంటి మీదే ఆరు రోజులు వేసుకుని చూసింది ఆవిడ. తీసి అప్పటికే ఏడాది దాటింది. అయినా కొంగు సర్దుకోబోతే ఆవిడ చెయ్యి ఒంటికి రెండంగుళాల ముందే, గాల్లో ఆగిపోయేది. అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చాక కిందికి దిగేది.

ఆ చేతిని నేను రోజూ చూశాను. చూసీ ఆ షరతు తప్పించాను. ఈ కథంతా అదే.

మా అక్క కూతురు మాలచ్చి. కాగితాల మీద కనకమహాలక్ష్మి. విజయనగరం పక్క పల్లెలో బరువులెత్తే షెడ్డు ఉంది, అక్కడ పెరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళు. యాభై తొమ్మిది కిలోల తరగతిలో రాష్ట్రంలో దానికి ఎదురు లేని రోజులున్నాయి. పుట్టుకతోనే దానికి కుడి వైపు రొమ్ము ఎదగలేదు. ఎడమది ఉంది, కుడిది చదును. చేతిరుమాలు మడతపెట్టి లోపల దోపుకునేది. రెండేళ్ళ కిందట రాష్ట్ర పోటీల్లో బార్ తలపైకి లేచిన క్షణాన ఆ రుమాలు జారి ప్లాట్‌ఫారం మీద పడింది. ఎత్తింది చెల్లిందని మూడు తెల్లదీపాలు వెలిగాయి. దీపాల వైపు ఎవరూ చూడలేదు. ఫోన్లన్నీ రుమాలు వైపు తిరిగాయి.

ఆ తర్వాత అది పోటీలకి వెళ్ళలేదు. షెడ్డులో ఆడపిల్లలకి నేర్పుతూ కూర్చుంది. ఇప్పుడు మళ్ళీ వెళ్తానంది. ఆరు వారాల్లో రాష్ట్ర జట్టుకి ఎంపిక, వయసును బట్టి చూస్తే ఇదే ఆఖరి అవకాశం. అది అవగానే ఆపరేషను చేయించుకుంటానని, కొలత మాత్రం ఇప్పుడే తేల్చుకుంటానని ప్రయోగశాలకి వచ్చింది. ఆది వేసుకుని నిజంగా కొలత తేల్చుకోబోయే మొదటి మనిషి అదే.

నేనూరుకుంటానా, ఉపన్యాసం మొదలుపెట్టాను. లోకం కళ్ళ కోసం ఒళ్ళు కోయించుకోవడమేంటి, నవ్విన వెధవల్ని కోయాలి గానీ అని. అది మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ అంతా వింది. అప్పుడు చెప్పింది.

“పిన్నీ, మీటింగు ఒగ్గీ. నువ్వు యూనియనుకి నాయకురాలివి, నా ఒంటికి కాదు. ఎవుల కోసమో కాదు నాకిది, అద్దం కోసం కూడా కాదు. చొక్కా తొడుక్కుంటే ఆ చొక్కా ఊసే మరిసిపోవాల నాను. నీకది రోజూ జరుగుతాది, అందుకే తెల్దు.”

నేనూ ఆ మెట్టు మీదే చతికిలబడి గుప్పెడు కాయలు తీసుకున్నాను.

ప్రయోగశాల దరఖాస్తులో ‘భర్త అభిప్రాయం’ అని ఒక గడి ఉంది. నేను చూడకముందే దాన్ని మాలచ్చి మొగుడి చేతిలో పెట్టారు. అతను సన్యాసిరావు, ఆర్టీసీ డ్రైవరు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పక్కకి పిలిచాడు.

“అత్తా, పేసింజరు చెప్పులు కొనుక్కోడానికి డ్రైవర్ని అడుగుతాదేటి?”

ఆ గడిని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద పెద్దక్షరాలతో ‘అక్కర్లేదు’ అని రాశాను. అది అచ్చులోంచి కూడా పోయేదాకా నేను టీ తాగలేదు.

మొదటి రోజు చూడాలి మాలచ్చిని! తొడుగు వేశాం, డాక్టర్ అంకె జరిపింది, అరగంట ఆగాం. మాలచ్చి కళ్ళు మూసుకుని ఉంది. లేచి రెండడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ నాలుగు వేసింది. తర్వాత తలుపు తీసుకుని వరండాలోకి పోయి, మెట్లు గబగబా దిగి, గబగబా ఎక్కి, మళ్ళీ దిగింది. ఊడ్చే ఆడవాళ్ళు కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు. ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి, “కదుల్తంది పిన్నీ, రెండూ ఒకలాగే కదుల్తన్నాయి,” అంది. అంది గానీ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. డాక్టర్ ప్రసూన కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంది.

రెండో రోజుకి అంకెలన్నీ తిప్పి చూశాం. మూడొందలు పెడితే ఈ బరువు నాకొద్దు, ఎవరిదో మోస్తున్నట్టుందని తనే తగ్గించమంది. గుండ్రంది బంతిలా ఉందంది, నీటిబొట్టు నచ్చింది. ఉప్పునీరు లోపల తొణుకుతోందంది, జిగురు నచ్చింది. చివరికి రెండొందల అరవై సీసీ, కండ కింద. ఎడమదానికి కుడిది స్కేలు పెట్టి గీసినట్టు సరిపోయింది. చర్మం పలచన కాబట్టి కండ కింద పెడితేనే అంచు కనబడదని డాక్టర్ ముందే అంది. నెమ్మది తొంభై నాలుగు! పరీక్ష కోసం వేసుకు చూసినవాళ్ళెవరికీ అంత రాలేదు. ప్రయోగశాలంతా చప్పట్లు. ఎవరో జిలేబీ తెచ్చారు.

మూడో రోజు పొద్దున్న తొడుగు తీసేయడానికి సిద్ధమవుతున్నారు. నేను టేపు మెడలో వేసుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరి ఒంటి మీదున్నది చూసినా నా నోట్లోంచి ఒక మాట వచ్చేస్తుంది. “చెయ్యెత్తు.”

జాకెట్టు చేతులు దించి నిలబడిన మనిషికి కుట్టకూడదు. అలా కుడితే పెళ్ళిలో అక్షింతలు వేయబోయినప్పుడు చంకలో పటుక్కుమంటుంది. అందుకే మేం కొలిచేముందూ, కచ్చా కుట్టు వేసి చూసేటప్పుడూ చేతులెత్తిస్తాం. మాలచ్చి రెండు చేతులూ తలపైకెత్తింది, అలవాటైన భంగిమలో, పిడికిళ్ళు వెడల్పుగా. పలక మీద తొంభై నాలుగు కాస్తా డెబ్బై ఒకటికి పడింది.

తీగ ఏదో పక్కకి జరిగిందంది డాక్టర్. జరిగింది తీగ కాదు, కండ అన్నాను. అసలు మీ యంత్రం ఏ పనులు నేర్చుకుంది చూపించమన్నాను. జాబితా తీశారు. కూర్చోవడం, లేవడం, మెట్లెక్కడం, దిగడం, స్కూటీ నడపడం, బోర్లా పడుకోవడం, పక్కకి పడుకోవడం, బిందె మోయడం, బిడ్డనెత్తుకోవడం, తల దువ్వుకోవడం, పరిగెత్తడం, కౌగిలించుకోవడం. పన్నెండు. అందులో బరువు తలపైకెత్తే పని లేదు. జాబితా రాసిన ఇద్దరు డాక్టర్లూ తమ రోజునే తలుచుకుని రాశారు. వాళ్ళు తట్ట మోయలేదు, పరంజా మీదికి ఇటుక అందించలేదు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ పని జాబితాలోనే లేదు. బయట చీపుర్లు పట్టుకున్నవాళ్ళనైనా అడిగారా అని అరిచాను. డాక్టర్ ప్రసూన జాబితా మడిచి చేత పట్టుకుని, షెడ్డుకి పోదాం పదండి అంది. ఆ విషయంలో ఆవిడంటే నాకు గౌరవం.

ప్రయోగశాల బండిలో విజయనగరం వెళ్ళాం. షెడ్డులో తొమ్మిది మంది ఆడపిల్లలు చాక్ పొడి చేతులతో చుట్టూ మూగారు. మాలచ్చి బెల్టు కట్టుకుంది. నలభై కిలోలు లేచాయి. యాభై లేచాయి. అరవై పెట్టారు.

బార్ తలపైకి వెళ్ళినప్పుడు ఛాతీ కండ బిగుసుకుంటుంది కదా. లోపల నిజంగా సంచి ఉంటే ఆ కండ దాన్ని అణచి చంక వైపు తోసేస్తుంది. తొడుగు అదే చేసి చూపించింది. మాలచ్చి బార్ వదిలేసింది. ఇనుము నేల మీద పడి షెడ్డు రేకులు మోగాయి. అది మెల్లగా కింద కూర్చుని, కుడి చంక పట్టుకుని, “లోపల చెయ్యెట్టి ఎవులో పక్కకి తోసినట్టుంది,” అంది. మొహం తెల్లగా పాలిపోయింది. దానికంటే డాక్టర్ మొహం పాలిపోయింది. ఆ ఆపరేషను తన చేతులతో చేయబోయేది ఆవిడే. చేశాక తెలిసి ఉంటే?

అయితే కండ పైన పెడదాం. కానీ పైన పెడితే అంచు చేతికి తగులుతుంది. పైగా అద్దంలో సరిసమానం కావాలంటే ఎంత ఉండాలో, బార్ కింద నిలబడాలంటే ఎంత ఉండాలో, రెండూ ఒకటే అంకె అవుతాయని నమ్మకం లేదు. ఒక్కొక్క కొలతకీ ఒళ్ళు అలవాటు పడటానికి గంటలు కావాలి. అప్పటికే సాయంత్రమైంది, మూడు రోజులు నిండాయి. డాక్టర్ ఇక తీసేద్దామంది, నెల ఆగి మళ్ళీ వేసుకోవచ్చంది. నెల ఆగితే పోటీ మీద పడుతుంది. నాకు అక్కడే తిక్క రేగింది. కచ్చా కుట్టు విప్పి చూశాం, తప్పు దొరికింది, ఇప్పుడు గుడ్డ మడతపెట్టి పెట్టెలో పెడతామా? ఒక్క రోజు! మీ షరతులన్నీ మీ భయం కోసం, ఈ పిల్ల కోసం కావు అన్నాను. నిజానికి నోరు చేసుకున్నాను. ఆవిడ మాలచ్చిని అడిగింది. మాలచ్చి ఉంచమంది. ఆవిడ పలక మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

నాలుగో రోజు! రెండొందల అరవై కండ పైన, బార్ ఛాతీని రాసుకుంది, పనికిరాదు. రెండొందల ముప్పై, ఊపిరి చాలడం లేదంది. రెండొందల పది, బాగుంది కానీ లేచేటప్పుడు లాగుతోందంది. ఆడపిల్లలు పలక చుట్టూ చేరి అంకెలు పెద్దగా చదువుతున్నారు, సన్యాసిరావు డ్యూటీ బట్టల్లోనే వచ్చి ప్లేట్లు మారుస్తున్నాడు. నూట తొంభై పెట్టారు. డెబ్బై అయిదు కిలోలు. మాలచ్చి వంగింది, పట్టింది, లాగింది. బార్ గాల్లో ఒక్క గీతలా పైకి పోయి ఆగింది. నెమ్మది తొంభై ఒకటి. బరువు తలపైనుండగా తొంభై ఒకటి! పిల్లలు ఎగిరి గంతులేశారు. డాక్టర్ ప్రసూన, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది.

అద్దం ముందు నూట తొంభైకి ఎనభై ఒకటే వచ్చింది. ఎడమదానికంటే కుడిది ఒక పిసరు తక్కువ. మాలచ్చి అద్దంలో చాలాసేపు చూసుకుంది. అద్దం దగ్గర రోజుకి రెండు నిమిషాలుంటాను, బార్ దగ్గర ఆరు గంటలుంటాను అంది. కొలత తేలిపోయింది.

అప్పుడు తొడుగు తీశాం.

పొర చివరంటా ఊడి వచ్చాక, మాలచ్చి దాన్ని చూడలేదు. బల్ల కిందా, నా వెనకా వెతుకుతోంది. గొంతు చాలా మామూలుగా ఉంది.

“పిన్నీ, నాదేది? ఎక్కడెట్టేరు?”

కాసేపటికి అదే తేరుకుంది. నవ్వింది కూడా. ఇంటికెళ్ళింది.

మర్నాటి నుంచీ మొదలైంది. లేనిచోట దురద. పక్కకి తిరిగి పడుకోబోయి, నలుగుతుందని ఆగడం. పుట్టినప్పటినుంచీ లేనిది పోయిందని ఇరవై ఎనిమిదేళ్ళ ఒళ్ళు దుఃఖపడటం నేనెక్కడా వినలేదు. అన్నిటికంటే ఘోరం, బార్ ఒరిగిపోతోంది. కుడివైపు బరువుందని మెదడు అనుకుంటుంది, దానికి తగ్గట్టు ఎడమకి లాగుతుంది, ఉన్నది గాలి. యాభై కిలోలకే తడబడింది. ముందు ఎనభై ఎత్తిన మనిషి. పోటీకి అయిదు వారాలుంది.

తప్పు నాదే. దీన్ని మెత్తగా చెప్పే మాటలున్నాయి, నాకక్కర్లేదు. మూడు రోజులన్న షరతు ఎవరి ఒంటి మీద రాసి ఉందో రోజూ చూస్తూ, దాన్ని భయమన్నాను. ఫ్యాక్టరీలో చీటీ పెట్టినవాడికీ నాకూ ఆ పూట తేడా లేదు. నా పట్టుదల ముందు మనిషి ఒళ్ళు నాకు ఆనలేదు.

మాలచ్చి ఆది మళ్ళీ వెయ్యమంది, ఆపరేషను దాకా ఉంచేయమంది. డాక్టర్ కుదరదంది. తనకీ మొదట్లో అలాగే అనిపించిందనీ, ఇంకోసారి వేసుకుంటే ఇక తీయలేననే భయంతో తొడుగు బీరువాలో పెట్టి తాళం నా చేతికిచ్చిందనీ అప్పుడు బయటపడింది. ఆ తాళం ఎందుకో నాకు అంతవరకు తెలియదు. నన్ను ఒక్క మాట అనలేదు ఆవిడ. అనుంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత ఎవరో ఒక పెళ్ళి జాకెట్టు బిగువైందని తెస్తే విప్పుతున్నాను. బిగువైన జాకెట్టుని ఒకేసారి వదులు చేయం. ఒక కుట్టు విప్పుతాం, తొడిగి చూస్తాం, ఇంకోటి విప్పుతాం. చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒంటిమీంచి తొడుగు ఒక్కసారిగా తీసేశాం, అందుకే ఒళ్ళు బెదిరింది. కుట్టు తర్వాత కుట్టు విప్పితే?

సముద్రం ఒడ్డుకి పరిగెత్తాను. ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టాను. మెత్తటి మల్లు గుడ్డతో నీటిబొట్టు ఆకారంలో సంచి కుట్టి, డాక్టర్ దగ్గర తూయించి నూట తొంభై గ్రాముల ఇసుక పోసి, బనీను లోపల కుడివైపు కుట్టాను. పైన చిన్న మూతి, దానికొక హుక్కు. మాలచ్చి తొడుక్కుంది. కళ్ళు మూసుకుంది. నరాలతో గుసగుసలేం లేవు, ఉత్త ఇసుక. అయినా దాని భుజాలు కిందికి దిగాయి. తొడుక్కున్న రోజే బార్ నిటారుగా లేచింది!

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే ఒక చెంచా ఇసుక తీసేయడం. సన్యాసిరావు ఆ పని తీసుకున్నాడు. మొదటి బస్సుకి పోయేముందు హుక్కు విప్పి చెంచాడు తీసి, పెరట్లో బంతిమొక్క మొదట్లో పోసేవాడు. ఒళ్ళు ఎంత బెదిరితే అంత ఆగడం, అలవాటైతే ముందుకి. డాక్టర్ లెక్క ప్రకారం చెయ్యమంది, నేను మాలచ్చి మొహం చూసి చెయ్యమన్నాను. ఈసారి ఆవిడతో పోట్లాడలేదు. ఇద్దరం కూర్చుని రెండూ కలిపాం.

పదో రోజున ఆవిడ నా మిషను దగ్గరికొచ్చి నిలబడింది. చాలాసేపు దారపు ఉండలు సర్దింది. చివరికి అడిగింది.

“నూకరత్నం గారూ, నాకూ ఒకటి కుడతారా?”

కుట్టాను.

పోటీ విజయవాడలో, పట్టపగలు, ఎండకి మండే రేకుల కప్పు కింద. బనీనులో ఇసుక అయిపోయి అప్పటికి నాలుగు రోజులు. నేను ముందు వరసలో కూర్చున్నాను, పక్కన సన్యాసిరావు. మూడు అవకాశాల్లో మాలచ్చి రెండు వాడేసింది, అందులో ఒకటి పోయింది. మూడోది ఎనభై నాలుగు కిలోలు. లేస్తే జట్టులో పేరు, లేకపోతే ఇంటికి.

అది ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. అప్పుడు చూశాను. కుడివైపు చదునుగా ఉంది. రుమాలు లేదు. అందరికీ కనిపిస్తోంది. రెండేళ్ళ కిందటి ఫోన్లు మళ్ళీ లేచాయి. సన్యాసిరావు చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బయటికి తీయకుండా, అలాగే ఉండిపోయాడు.

మాలచ్చి వంగింది, పట్టింది. బార్ లేచింది. అది బార్ కింద కూర్చుంది, ఒక్క క్షణం మోకాళ్ళు వణికాయి, నేను కుర్చీ చెయ్యి విరిచేశానేమో తెలియదు, అది లేచి నిలబడింది. రెండు చేతులూ ఆకాశంలోకి. మూడు తెల్లదీపాలు! నేను అరిచిన అరుపుకి పక్క వరసలోని వాళ్ళు చెవులు మూసుకున్నారు.

కిందికి దిగి వచ్చింది. చెమటతో తడిసిపోయింది. సన్యాసిరావు జేబులోంచి మడతపెట్టిన రుమాలు తీసి చేతిలో పెట్టాడు. అది రుమాలు వంక చూసింది, ఒంటి వంక చూసుకుంది.

“ఇది నీకాడే ఉండిపోనాదా? నాను ఎట్టుకున్నాననే అనుకున్నాను.”

అప్పుడర్థమైంది. మరిచిపోయింది. చెంచా చెంచా ఇసుక పోయినా లోపల ఎక్కడో పిసరంత మిగిలింది. ఆ మిగిలింది చాలు, లేదన్న ఊసు దానికి రాలేదు. చొక్కా తొడుక్కుని చొక్కాని మరిచిపోవడం, అది అడిగిందే అది. రుమాలు మడత విప్పి, మొహం తుడుచుకుని, మెడ తుడుచుకుని, తిరిగి మొగుడి భుజాన వేసింది.

నాలోని ఉపన్యాసం ఊరుకోదు కదా. ఇంత జరిగాక కూడా ఆపరేషను కావాలా అని అడిగాను. మెల్లగానే అడిగాను.

“కావాల పిన్నీ. ఇయ్యాల మరిసిపోయేను, రేపు గుర్తొస్తాది. జాతీయ పోటీకి అయిదు నెలలుంది, బేగి చేయించీయండి. నూట తొంభై, కండ మీద, నీటిబొట్టు. రాసుకో.”

రాసుకున్నాను.

ప్రయోగశాలలో ఆ జాబితా ఇప్పుడు గోడ మీద ఉంది. పదమూడో పనిని చేత్తో రాశాను, బరువు తలపైకెత్తడం. దాని కింద ఊడ్చేవాళ్ళు, తాపీపనివాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి తమ పనులు రాసి పోతున్నారు. నలభై దాటాయి. తొడుగు తీసేశాక వేసుకునే ఇసుక బనీన్లు ఆరుగురు ఆడవాళ్ళు కుడుతున్నారు, కుర్చీల్లో కూర్చుని.

ఆపరేషను రోజు పొద్దున్న గదిలో నన్ను ఉండనిచ్చారు, గీతలు గీసేదాకా. డాక్టర్ ప్రసూన నీలం పెన్ను తీసి మాలచ్చి ఛాతీ మీద వంపు గీసింది. కొంగు జారితే చెయ్యి పెట్టి సర్దుకుంది, చెయ్యి గాల్లో ఆగలేదు, నేరుగా ఒంటికి తగిలింది. గీత పూర్తయింది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆవిడే అంది.

“చెయ్యెత్తమ్మా.”

మాలచ్చి రెండు చేతులూ తలపైకెత్తింది, పిడికిళ్ళు వెడల్పుగా, బార్ ఉన్నట్టే. చర్మం మీది గీత రెండు వేళ్ళు పైకి జరిగింది. డాక్టర్ దాన్ని స్పిరిట్ దూదితో తుడిచేసి, చేతులు అలా పైనుండగానే, కొత్తది గీసింది.